పంపు తప్పు కాదు

పాత డీజిల్ లారీల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నా పొరపాటుతోనే మొదలుపెడతాను.

రిటైరయ్యాక గుమ్మడిదలలో, నర్సాపూర్ రోడ్డు మీద, చిన్న షెడ్డు నడిపాను. ఒకరోజు పాత టాటా 1210 లోడుతో వచ్చి ఆగింది. హ్యాండ్ పంపు కొట్టి, బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి ఎయిర్ తీస్తే స్టార్టవుతుంది. రెండు కిలోమీటర్లు పోయి మళ్ళీ ఆగుతుంది. ఫిల్టర్లు మార్చాను. ఎక్కడా చుక్క కారడం లేదు. ఇంజెక్షన్ పంపే పోయిందని తేల్చి విప్పించాను. ఆ డ్రైవరే ఓనరు. కాలిబ్రేషన్ ఖర్చుకు అప్పు తెచ్చాడు. పంపు బిగించాక బండి మళ్ళీ అలాగే ఆగింది.

ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా డీజిల్‌ను పంపు పీల్చుకుంటుంది. అక్కడ సందుంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. ఫీడ్ పంపు దాటాక ఒత్తిడి ఉంటుంది కనుక కారుతుంది. ఇది అప్రెంటిస్ కుర్రాడికీ తెలుసు! తొందరలో నేనే మరిచాను. ఫీడ్ పంపుకు వేరే పైపు తగిలించి, డబ్బాలో డీజిల్ పోసి నడిపితే ఇంజను ఆగలేదు. ట్యాంకు దగ్గరి రబ్బరు పైపు చీలి ఉంది.

ట్యాంకు మూత గాలి రంధ్రం మూసుకున్నా బండి ఆగుతుంది. ముందు మూత వదులు చేసి చూడండి, ఖర్చు లేదు.

నా మజూరీ తిరిగిచ్చేశాను. కాలిబ్రేషన్ డబ్బు మాత్రం అతనికి పోయినట్లే.