దీపము నుండి దీపము

(చిరాగ్‌పల్లిలో విద్యాసంవత్సర ప్రారంభమున, ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో నూతనముగా చేరిన ఉపాధ్యాయులు, సిబ్బంది దేవాలయ దర్శనమునకు వచ్చిన సందర్భమున చేసిన ప్రసంగపాఠము)





వేసవి సెలవులు ముగిసి బడులు తెరచిన ఈ శుభసమయమున మన దేవాలయ ప్రాంగణమున కొన్ని క్రొత్త ముఖములు కనబడుచున్నవి. ఉపాధ్యాయులు, ఉపాధ్యాయినులు, కార్యాలయ గుమాస్తా, అటెండరు, ఆయమ్మ, బస్సు డ్రైవరు, కాపలాదారు అందరును కలిసి స్వామిదర్శనమునకు వచ్చియున్నారు. పరీక్షలకు ముందు పిల్లలు హాల్‌టిక్కెట్లు తెచ్చి స్వామి పాదముల చెంత నుంచుట మనము ఏటేట చూచుచున్నాము. పాఠము చెప్పువారు తమ నియామకపత్రములను తెచ్చి ఉంచుట మాత్రము నేడే చూచితిమి. అర్చకులవారు వానిని పాదముల కంటించి, కుంకుమ చల్లి తిరిగి యిచ్చినప్పుడు నాకొక ఆలోచన కలిగినది. ఆ కాగితముపై ఉద్యోగము పేరు, జీతము, చేరవలసిన తేదీ వ్రాయబడి యుండును. దానిపై వ్రాయని పని ఒకటి కలదు. ఆ పనిని గురించియే నాలుగు మాటలు మనవి చేసికొందును.

ఈ ఊరి పేరులో ‘చిరాగ్’ అను మాట యున్నది. ఉర్దూలో దానికి దీపమని అర్థము. హైదరాబాదు నుండి ముంబయి పోవు జాతీయ రహదారి తెలంగాణను దాటి కర్ణాటకలో ప్రవేశించు సరిహద్దున ఈ ఊరు వెలసినది. 1956 నవంబరు 1వ తేదీకి పూర్వము జహీరాబాదు తాలూకా బీదరు జిల్లాలో నుండెడిది. రాష్ట్రముల పునర్విభజనతో మెదకు జిల్లాలో చేరినది. 2016 అక్టోబరు 11 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. జిల్లాలు మారినను జనుల నోళ్లలోని భాషలు మారలేదు. ఇక్కడి తరగతిలో ఒకే బల్లపై కూర్చున్న నలుగురు పిల్లలలో ఒకరి ఇంట తెలుగు, ఒకరి ఇంట కన్నడము, ఒకరి ఇంట ఉర్దూ, తండా నుండి వచ్చిన బిడ్డ ఇంట లంబాడీ మాట యుండవచ్చును. వీరందరికిని ఇంగ్లీషు పుస్తకము చేతికిచ్చి చదువుమనుచున్నాము. అర్థము కాక మౌనముగా కూర్చున్న బిడ్డను మందబుద్ధి యనుట సులభము. ఆ బిడ్డ ఇంట పలుకు నాలుగు మాటలు మనము నేర్చి పలుకరించుట కష్టము. కష్టమైన ఆ పనియే గురుధర్మము.

తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లిలో ఆచార్యుడు చేయు ప్రార్థన ఒకటి కలదు. పల్లమునకు నీరు చేరునట్లు, మాసములు సంవత్సరమున చేరునట్లు శిష్యులు తన కడకు రావలెనని ఆయన కోరుకొనును. ఈ ఉపమానమును కొంచెము యోచింపుడు. పల్లమునకు వచ్చునది తేటనీరే కాదు. మట్టి కలిసినదియు వచ్చును, ఆకులలములను మోసికొని వచ్చునదియు వచ్చును. చెరువు దేనిని కాదనదు. అన్నింటిని నిలిపి తేర్చును. నేడు కొన్ని బడులు మంచి మార్కులు తెచ్చు పిల్లలను ముందుగా ఏరి చేర్చుకొని, పిదప మా ఫలితములు గొప్పవని ప్రకటించుకొనుచున్నవి. తేటనీటిని మాత్రమే పట్టుకొనునది కుండ యగును గాని చెరువు కానేరదు.

అదే శీక్షావల్లిలో, చదువు ముగించి పోవు శిష్యునితో ఆచార్యుడు మరియొక మాట చెప్పును. మాలోని మంచి నడతలను మాత్రమే అనుసరింపుము, తక్కినవానిని విడువుము అని దాని తాత్పర్యము. తనయందును విడువదగినవి ఉండవచ్చునని గురువే ఒప్పుకొనుచున్నాడు! నల్లబల్లపై తప్పు వ్రాసి, పిల్లవాడు దానిని చూపినప్పుడు కోపింపక దిద్దుకొన్న ఉపాధ్యాయుడు ఆ ఉపనిషత్తును ఆచరణలో బోధించినవాడగును.

మనకు సమీపమున ఝరాసంగములో కేతకీ సంగమేశ్వరస్వామి కొలువై యున్నాడు. జ్యోతిర్లింగము ఆద్యంతములను వెదకిన కథ మీరందరు ఎరిగినదే. శిఖరమును చూచితినని బ్రహ్మ పలికిన అసత్యమునకు మొగలిపూవు సాక్ష్యము చెప్పెను. అందుచే అది శివపూజకు పనికిరాకుండ శపింపబడెను. కాని ఝరాసంగమున ఆ మొగలిపూవుతోనే స్వామిని అర్చించు సంప్రదాయము కలదు. దీనిలో ఉపాధ్యాయులు గ్రహింపవలసిన రహస్యము ఉన్నది. తప్పునకు శిక్ష కలదు. ఆ శిక్షకు ఆవల మరల స్వామి సన్నిధికి చేర్చు చోటును కలదు. మొగలిపూవు తనకై అబద్ధమాడలేదు. పెద్దవాని మాటకు లోబడి పలికినది. పిల్లల అబద్ధములును తరచుగా ఇట్టివే. రాత్రి తండ్రి త్రాగివచ్చి పుస్తకము చింపివేయును. ఉదయము బిడ్డ బడిలో, పుస్తకము మరచి వచ్చితినని చెప్పును. బెత్తము ఆ అబద్ధమును మాత్రమే చూచును. గురువు దాని వెనుక నున్న ఇంటిని చూచును.

2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము పిల్లలను కొట్టుటను, మనస్సు నొప్పించి వేధించుటను నిషేధించినది. ఆ చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు గల పిల్లలకు వర్తించును. ఉన్నత పాఠశాలలో పదునైదేండ్ల పిల్లలును ఉందురు. చట్టము పదునాలుగవ యేట ఆగవచ్చును గాని ధర్మము ఆగదు.

ఇక ప్రైవేటు పాఠశాల యనగానే వ్యాపారమని పెదవి విరుచువారు కలరు. చరిత్ర వేరొక మాట చెప్పుచున్నది. నిజాం కాలమున సర్కారు ఉన్నతవిద్య ఉర్దూలో నడచుచుండగా, తెలుగువారు, మరాఠీలు తమ బిడ్డల కొరకు తామే బడులు పెట్టుకొనిరి. 1907లో కేశవరావు కోరట్కరు మొదలగువారి పూనికతో హైదరాబాదున వివేకవర్ధిని వెలసినది. 1928లో మాడపాటి హనుమంతరావుగారు నారాయణగూడలో ఆంధ్ర బాలికోన్నత పాఠశాలను స్థాపించిరి. తెలుగులో చదివిన ఆడపిల్లలకు ఇక్కడ పరీక్షల దారి లేకపోగా, 1916లో కర్వే మహాశయుడు పూనాలో నెలకొల్పిన మహిళా విశ్వవిద్యాలయపు పరీక్షలకు వారిని సిద్ధము చేసిరి. మన జిల్లాలోని జోగిపేటలో 1930లో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగినది. అట్టి బడులలో పనిచేసినవారికి సర్కారు కొలువు యొక్క భద్రత లేదు. మీరును అట్టి వరుసలోనే నిలుచుచున్నారని మరువకుడు.

అయితే ఈ కొలువులో ఒక ప్రమాదము కలదు. దానిని భాగవతము ఏనాడో చూపినది. ప్రహ్లాదుని గురువులగు చండామార్కులు సామాన్యులు కారు. శుక్రాచార్యుని కుమారులు, విద్వాంసులు. వారికి చదువు లేక కాదు, భయము చేత చెడిరి. పిల్లవానికి ఏమి మేలు అని గాక, రాజు ఏమనునో యని చూచిరి. హిరణ్యకశిపుడు కోపింపగనే, ఇది మేము నేర్పినది కాదు, వీని పుట్టుబుద్ధియే ఇట్టిదని తప్పును శిష్యునిపై నెట్టిరి. వారు ఇంటిపనులకై పోయినప్పుడు ప్రహ్లాదుడే తోటి బాలురను చేర్చుకొని తత్త్వమును బోధించెను. గురువులు లేని వేళనే ఆ బడిలో అసలు చదువు సాగినది!

ప్రైవేటు బడిలో జీతమిచ్చువారు ఒకరు, ఫీజు కట్టువారు ఒకరు, ఎదుట కూర్చుండువారు మరియొకరు. మొదటి ఇరువురకు లెక్క చెప్పవలసినదే. కాని మూడవవాని మేలునకు విరుద్ధముగా మొదటి ఇరువురను సంతోషపెట్టినచో, మనము చండామార్కుల వంశమున చేరుదుము. ఫలితములు తక్కువైనప్పుడు, పిల్లలే మొద్దులని తల్లిదండ్రులకు చెప్పి తప్పించుకొనుట ఆ పాతపలుకే.

ఇంతవరకు ఉపాధ్యాయులకు చెప్పితిని. వారితో వచ్చిన తక్కిన సిబ్బందికి చెప్పుటకు నా బాల్యములో జరిగిన ఒక సంగతి చాలును. ఆ బడి పేరు అప్రస్తుతము. నేను పదవ తరగతిలో నుండగా మా నాయనగారికి పంట చేతికి రాక ఫీజు ఆలస్యమైనది. మాస్టరుగారు నా పేరు చదివి, ఫీజు తెచ్చువరకు తరగతిలోనికి రావలదని పంపివేసిరి. ఇంటికి పోవుటకు మొగము చెల్లక వరండాలో నిలిచితిని. గంట కొట్టు అటెండరు తన ముక్కాలిపీటను తెచ్చి కిటికీ క్రింద వేసి, “ఇక్కడ కూర్చో బిడ్డా, పాఠం వినబడుతది” అనెను. మాస్టరుగారు తొంగిచూచినప్పుడు, “నాకు సాయంగ ఉంచుకున్న సార్” అని ఆ మహానుభావుడే జవాబు చెప్పెను. తొమ్మిది దినములు ఆ పీటపై కూర్చుండి లెక్కలు వింటిని. ఆ తొమ్మిది దినములును ఆయన నిలుచుండియే గంటలు కొట్టెను. నేడు మీ యెదుట నిలిచి నాలుగు మాటలు చెప్పగలుగుచున్నానన్న, నాకు అక్షరములు నేర్పినవారితోపాటు ఆ పీట వేసినవానికిని నమస్కరింపవలెను. ఆయన నియామకపత్రములో పీట వేయవలెనని ఎక్కడను వ్రాసియుండదు.

కనుక డ్రైవరు సోదరా, తెల్లవారుజామున తండా దగ్గర బస్సు కొరకు పరుగెత్తివచ్చు బిడ్డకై అర నిమిషము ఆగుట నీ పాఠము. ఆయమ్మా, ఎదిగివచ్చు ఆడపిల్లకు బడిలో కష్టము వచ్చినప్పుడు సిగ్గుపడక చెప్పుకొనదగిన తల్లివి కమ్ము. గుమాస్తాగారూ, ఫీజు బాకీ చీటీని పదిమందిలో చదువక, తండ్రిని ప్రక్కకు పిలిచి చెప్పుడు. దేవాలయమున అర్చకులు, మేళగాండ్రు, ముంగిలి ఊడ్చువారు కలిసినప్పుడే ఉత్సవము. బడియును అట్టిదే.

సిబ్బందికే నీతులు చెప్పి తక్కినవారిని విడుచుట న్యాయము కాదు. 2020 మార్చిలో కరోనా వలన బడులు మూతపడినప్పుడు ఎందరో ప్రైవేటు ఉపాధ్యాయులు జీతములు లేక కూరగాయలమ్మిరి, కూలికి పోయిరి. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వము గుర్తింపు పొందిన ప్రైవేటు బడుల ఉపాధ్యాయులకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యము ఇచ్చు ఏర్పాటు గావించినది. మన బిడ్డలకు అక్షరభిక్ష పెట్టినవారు బియ్యము కొరకు వరుసలో నిలిచిన ఆ దినములను యాజమాన్యములు మరువరాదు. దీపమునకు ప్రమిద ఎంత అందమైనదైనను, చమురు పోయువాడు లేనిదే వత్తి తానే కాలిపోవును. నెల తిరుగగనే జీతము అందించుట ఆ చమురు పోయుట. తల్లిదండ్రులారా! పంట డబ్బు చేతికి రాగానే పెండ్లికి, పండుగకు ముందుగా తీసి, బడిబాకీని కడపట చూచుట మన అలవాటు. దానిని మార్చుకొందము. కట్టలేని వానికి వ్యవధి ఇచ్చుటకు బడికి శక్తి కలుగవలెనన్న, కట్టగలవాడు వేళకు కట్టవలెను.

నూతనముగా చేరిన సోదరీసోదరులారా! మీ నియామకపత్రము ముందువైపు వ్రాత ఉన్నది, వెనుకవైపు ఖాళీగా నున్నది. ఒక నెల గడచిన పిదప, మీ తరగతిలోనో, మీ బస్సులోనో, మీ వరండాలోనో ఎవరును లెక్కచేయని ఒక బిడ్డ పేరును ఆ వెనుకవైపు వ్రాసికొనుడు. ఎవరికిని చూపవలదు. సంవత్సరము ముగిసి, పరీక్షలు పూర్తియైన నాడు ఆ కాగితమును మరల ఈ స్వామి పాదముల చెంతకు తెండు. ముందువైపు వ్రాసిన పనికి యాజమాన్యము లెక్క చూచుకొనును. వెనుకవైపు వ్రాసిన పేరుకు స్వామి లెక్క చూచుకొనును.

దీపము అని పేరు మోసిన ఈ ఊరి నుండి ప్రతి యింటికిని ఒక దీపము వెలుగునట్లు పరమేశ్వరుడు మిమ్ములను, మీ శిష్యులను అనుగ్రహించుగాక!

స్వస్తి.