కథకుని అన్వేషణ: ఝాన్సీ గాథ నేర్పిన పాఠం



కథారచనకు ఊహాశక్తి ఒక్కటే చాలునన్న అభిప్రాయం వ్యాప్తిలో ఉన్నది. చరిత్రను వస్తువుగా గ్రహించిన రచయితల అనుభవం వేరు. తెలిసినది ఎంతవరకో తేల్చుకొన్న తరువాతనే ఊహకు చోటెక్కడో వారికి స్పష్టమయింది. ఝాన్సీ రాణి లక్ష్మీబాయి గాథ మరాఠీ, హిందీ, బెంగాలీ భాషలలో రూపొందిన తీరు ఇందుకు నిదర్శనం.

మొదట చెప్పుకోదగినది ప్రత్యక్షసాక్షి కథనం. విష్ణుభట్ గోడ్సే కొంకణసీమకు చెందిన పేద పురోహితుడు. ధనార్జనకై 1857లో ఉత్తరదేశానికి బయలుదేరి తిరుగుబాటులో చిక్కుకొన్నారు. 1858లో ఆంగ్లసేనలు ఝాన్సీని ముట్టడించినప్పుడు ఆయన ఆ నగరంలోనే ఉన్నారు. ముట్టడినీ, ఆపై సాగిన దోపిడీనీ కళ్లారా చూచారు. ఆయన మరాఠీ స్మృతులు 1907లో 'మాఝా ప్రవాస్' పేరుతో అచ్చయినాయి. వాటిని హిందీ నవలాకారులు అమృత్‌లాల్ నాగర్ అనువదించారు. అవధ్ గ్రామాలలో తిరిగి, పెద్దల నోట మిగిలిన 1857 నాటి ముచ్చట్లను సేకరించి, 1957లో 'గదర్ కే ఫూల్'గా ప్రకటించినవారు కూడా ఆయనే.

రెండవది కుటుంబస్మృతి. వృందావన్‌లాల్ వర్మ బుందేల్‌ఖండ్ బిడ్డ, ఝాన్సీలో న్యాయవాది. బాల్యంలో ముత్తవ్వ చెప్పిన రాణి కథలు ఆయన మనసులో నాటుకొన్నాయి. అయినా వాటితోనే తృప్తిపడక పాత కాగితాలు వెదకి, వృద్ధులను ప్రశ్నించి, 1946లో 'ఝాన్సీ కీ రాణీ' నవలను ప్రచురించారు.

మూడవది జనశ్రుతి. మహాశ్వేతాదేవికి ఝాన్సీతో చుట్టరికం లేదు. గ్రంథపఠనంతో తృప్తి కలుగక ఆమె బెంగాలు నుండి ఆ ప్రాంతానికి వెళ్లి, సామాన్యుల నోట కథలూ పాటలూ విన్నారు. ఆ శ్రమఫలమే 1956లో వెలువడిన ఆమె తొలి గ్రంథం 'ఝాన్సీర్ రాణీ'.

ఈ మూడు ఆధారాలలో ఏదీ పరిపూర్ణం కాదు. గోడ్సే ఎన్నో ఏళ్ల తరువాత జ్ఞాపకం మీద వ్రాశారు. కుటుంబస్మృతిలో అభిమానం కలుస్తుంది. పాట నోరు మారినకొద్దీ రూపు మారుతుంది. రాణి మరణించిన తేదీ 1858 జూన్ 17 అని కొందరూ, 18 అని కొందరూ వ్రాశారు. నవలాకారుడు వీటిలో ఒకదానిని ఎన్నుకోవచ్చును. కాని తాను ఎన్నుకొంటున్నానన్న ఎరుక ఉండవలెను.

అట్లని జనశ్రుతిని త్రోసిపుచ్చరాదు. రాణి పక్షాన పోరాడిన ఝల్‌కారీబాయి కోరీ కులానికి చెందిన స్త్రీ. ఆమె గాథ ప్రధానంగా ప్రజల నోటనే నిలిచినది. వర్మ తన నవలలో ఆమెకు చోటిచ్చారు. 2001లో తపాలాశాఖ ఆమె స్మారకంగా తపాలాబిళ్లను విడుదల చేసింది. కాగితాలు మాత్రమే చూచే రచయితకు ఇటువంటి స్త్రీ కనిపించదు. విన్నదెల్లా నమ్మే రచయిత ఆమెను బొమ్మగా మారుస్తాడు. పరిశోధన ఈ రెండు ప్రమాదాల నుండీ కాపాడుతుంది.

నాగర్‌కు కథలు చెప్పిన ఆ వృద్ధులు నేడు లేరు. ఆయన వెళ్లి ఉండకపోతే వారి మాటలు వారితోనే అంతరించేవి. కథ వ్రాయగోరే విద్యార్థి ముందుగా తన ఇంటి పెద్దల ఎదుట కూర్చోవలెను. చెప్పినదెవరు, ఎప్పుడు చెప్పారు, అది చూచినదా, విన్నదా అన్న వివరాలను వ్రాసి ఉంచుకోవలెను. కథను తరువాత ఎప్పుడైనా వ్రాయవచ్చును. చెప్పేవారు మాత్రం అంతకాలం వేచి ఉండరు.