అక్కది ఏ బ్యాచ్?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మనల్ని తీర్చిదిద్దిన బాల్యం గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను నీటిపారుదల పనులు చేయించిన ఇంజనీరునండి. కొలతలు రాయడం అలవాటే గానీ ప్రసంగాలు చేయడం అలవాటు లేదు. అందుకని ఒక కాగితం ముక్కతో మొదలుపెడతాను.

పదో తరగతి అయ్యాక స్కాలర్‌షిప్పు కోసం ఒక దరఖాస్తు నింపాను. తండ్రి వృత్తి అన్నచోట ‘రైసు మిల్లులో గుమాస్తా’ అని రాశాను. తల్లి వృత్తి అన్నచోట ‘ఏమీ లేదు’ అని రాశాను. నేను ఆ మాట రాస్తున్నప్పుడు అమ్మ రెండడుగుల దూరంలో గోడకు చేరగిలబడి లేసు అల్లుతోంది. పక్కన అక్క కూడా అదే పనిలో ఉంది. నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. చదివి వినిపిస్తే అమ్మకీ కనిపించలేదు.

నరసాపురం వాళ్లకి లేసు గురించి చెప్పడం తాతకు దగ్గులు నేర్పినట్టే. మిషనరీల ద్వారా పంతొమ్మిదో శతాబ్దంలో మన ఊరికి వచ్చిన పని ఇది. గడప దాటి కూలికి వెళ్లడం పరువు తక్కువ అనుకునే ఇళ్లలో, గడప లోపలే చేసుకోవచ్చు కాబట్టి నిలబడిపోయింది. ఏజెంటు దారం ఇచ్చి వెళ్లేవాడు, అల్లిన పువ్వులు లెక్కపెట్టి పట్టుకెళ్లేవాడు. ఒకరు పువ్వులు అల్లితే ఇంకొకరు అతుకు పని చేసేవారు. ఆ బల్లగుడ్డలు యూరప్‌లో ఎవరి బల్లల మీదకో చేరేవి. ఇంట్లో మాత్రం దాన్ని పని అనేవారు కాదు. ‘ఖాళీగా కూర్చోవడం ఎందుకని అల్లుతోంది’ అనేవారు.

ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకు మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మన ఊరి మీద రాసిన పుస్తకం నా చేతికి వచ్చింది. 1982లో వచ్చిన ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’. ఆవిడ 1970ల చివర్లో ఇక్కడ ఉండి, మన వీధుల్లో తిరిగి, ఆడవాళ్ల పని గంటలు లెక్క కట్టారు. రోజంతా అల్లినా రూపాయి కూడా గిట్టని సంగతి రాశారు. వాళ్లను ‘గృహిణులు’ అనీ, వాళ్ల పనిని ‘తీరిక వేళ కాలక్షేపం’ అనీ పిలవడం వల్లే అంత తక్కువ కూలి ఇవ్వడం కుదిరిందన్నది ఆవిడ వాదన. అది చదువుతుంటే నా దరఖాస్తు గుర్తొచ్చింది. నేను రాసిన ఆ రెండు మాటలే ఆవిడ పుస్తకమంతా.

మా నాన్నను తక్కువ చేయడం లేదండి. నాకు పదేళ్లప్పుడు ధవళేశ్వరం తీసుకెళ్లింది ఆయనే. 1852లో కాటన్ దొర పూర్తిచేసిన ఆనకట్ట ఉన్నచోట అప్పుడు కొత్త బ్యారేజీ కడుతున్నారు. ‘ఇక్కడ తలుపులెత్తితే మన కాలవలోకి నీళ్లొస్తాయిరా’ అన్నాడు. ఆ రోజే ఇంజనీరు కావాలనుకున్నాను. ఆ లక్ష్యం నాన్న చూపించిందే. జీతం డబ్బులు అద్దెకీ బియ్యానికీ సరిపోయేవి. ఫీజులు, పుస్తకాలు, ఆ తర్వాత హాస్టలు ఖర్చు మాత్రం లేసు డబ్బులు.

అమ్మ దగ్గర తీసుకున్నది డబ్బొక్కటే కాదు. ఒకరోజు రాత్రి పదింటికి, దాదాపు పూర్తయిన పువ్వును అమ్మ మొదటి వరస దాకా విప్పేసింది. మధ్యలో ఎక్కడో ఒక కన్ను తప్పిందట. ‘ఎవరు చూస్తారమ్మా?’ అన్నాను. ‘చూడరు. అతికేటప్పుడు లాగేస్తుంది’ అంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కాలవ తూముకు పక్క గోడ పోశారు. చెక్కలు ఊడదీస్తే కాంక్రీటు కూరుకోక తేనెపట్టులా గుల్లలు. ‘సిమెంటు పాలు పూసేస్తే కనపడదండి’ అన్నాడు మేస్త్రీ. పగలగొట్టి మళ్లీ పోయించాను. గుల్ల ఉన్నచోట నీళ్లు ఊరతాయి, లోపలి ఇనుము తుప్పు పడుతుంది, గోడ పోయేది పదేళ్లకో పదిహేనేళ్లకో. ‘ఆయన నిక్కచ్చి మనిషి’ అని పేరొచ్చింది. అది నా సొంత గుణమనుకుని చాలాకాలం మురిసిపోయాను. నిజానికి అది అమ్మ నోట విన్న మాటే.

మన పక్కనే భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ బడిలో అందరం విన్నాం. చిన్నప్పుడు కాశీ పారిపోతే వెనక్కి తెచ్చి చదువులో పెట్టారు. భర్త పోయాక తల్లి వెంకమ్మ గారు పుస్తెలు అమ్మి కొడుకును చదివించారని చెబుతారు. అన్నదమ్ములను స్ప్రూ అనే జబ్బు తీసుకుపోయింది. ఆయన అమెరికా వెళ్లి, 1940ల్లో తన బృందంతో ఆ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేశారు. మన జిల్లాల్లో అందరికీ తెలిసిన బోదకాలు జబ్బుకు మందు కూడా ఆ బృందం తెచ్చిందే. మనిషి పెద్దయ్యాక ఎంచుకునే పనికి వేరు ఎక్కడుంటుందో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు.

కానీ ఇలాంటి కథలు చెప్పేటప్పుడు మనం పైకి వచ్చినవాళ్లనే చూస్తాం. అందుకే మా అక్క గురించి చెప్పాలి.

అదే ఇల్లు, అదే అమ్మానాన్నలు. అక్క ఈ బడిలోనే ఎనిమిదో తరగతి దాకా చదివింది. ఆ ఏడు జూన్‌లో బడి తెరిచినప్పుడు నేను ఆరులోకి వచ్చాను, అక్క రాలేదు. మానెయ్యమని ఎవరూ అనలేదు. ఇద్దరి ఫీజులకు సరిపోదని అందరికీ తెలుసు, అంతే. అక్క నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్ల కాగితాలు కుట్టించుకుని నేను లెక్కలు చేసుకున్నాను. ‘మా ఇంటి వాతావరణమే నన్ను ఇంజనీరును చేసింది’ అని ఎన్నో సభల్లో చెప్పాను. ఆ వాతావరణమే అక్క చేతిలో పుస్తకం తీసి సూది పెట్టిందని ఒక్కసారీ చెప్పలేదు.

అమ్మ పోయిన ఏడాది అక్కను అడిగాను, ‘నీకు కోపం లేదా?’ అని. ‘కోపం ఎందుకురా? లెక్కలు మాత్రం నాకే బాగా వచ్చేవి’ అంది. నిజమే. ఎన్ని గజాల దారానికి ఎన్ని పువ్వులొస్తాయో కాగితం లేకుండా ఏజెంటు కన్నా ముందే చెప్పేది.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేపర్లో ఆ వార్త అక్కకు చూపించాను. కళ్లజోడు సర్దుకుని ఫొటోలో బల్లగుడ్డ వైపు చూసి, ‘ఈ మూల అతుకు సరిగ్గా పడలేదు’ అంది.

ఇంక ఒక్క మనవి చేసి సెలవు తీసుకుంటాను. ఈ సంచికకు మనం తయారుచేసుకున్న పేర్ల పట్టిక పదో తరగతి బ్యాచ్‌ల ప్రకారం ఉంది. అందులో అక్క లేదు. మధ్యలో బడి మానేసిన వాళ్లెవరూ లేరు. వాళ్లూ ఈ బల్లల మీద కూర్చున్నవాళ్లే, ఈ గురువుల దగ్గర అక్షరాలు దిద్దినవాళ్లే. మనలో చాలామంది చదువు పూర్తికావడానికి కారణం వాళ్లే. బడిలో పాత హాజరుపట్టీలు ఎంతవరకు ఉన్నాయో చూసి, వాళ్ల పేర్లు వెతికి, చేరిన సంవత్సరం ప్రకారం సభ్యులుగా రాసుకుందాం. ఆ పని నేను చేస్తాను, ఇద్దరు ముగ్గురు తోడొస్తే చాలు.

ఆ స్కాలర్‌షిప్పు దరఖాస్తు ఇప్పుడు దిద్దలేను. ఈ పట్టికను దిద్దవచ్చు. అక్క ఇవాళ సభకు వచ్చింది. ‘నేనెందుకురా అక్కడికి, నాది ఏ బ్యాచ్ అని చెప్పను?’ అంటే బలవంతాన తీసుకొచ్చాను. చివరి వరసలో కూర్చుంది. ఆవిడకు ఏ బ్యాచ్ అని చెప్పాలో మీరంతా కలిసి చెప్పండి.