డయ్యూలో ఒక తీరిక రోజు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి, "ఏదైనా యుద్ధం కబురు చెప్పండి చీఫ్‌గారూ" అన్నారు. నేను యుద్ధం చూడలేదండీ. 1983లో నేవీలో చేరాను, 2008లో బయటికొచ్చాను. అందులో ఎక్కువ కాలం ఇంజన్ రూంలోనే. అక్కడ కనబడేవి గేజీలు, పైపులు, నూనె మరకలు. అంచేత యుద్ధం కాకుండా, మేమిద్దరం తీరిగ్గా గడిపిన ఒక రోజు సంగతి చెబుతాను.

పాతికేళ్ళు సముద్రం మీద బతికాను గానీ, ఒడ్డున కూర్చుని సముద్రాన్ని చూసింది తక్కువ. సెలవు దొరికితే రైలెక్కి ఊరికి పోవడమే. పెళ్ళిళ్ళు, పుష్కరాలు, పొలం గట్టు తగాదాలు. ఇది మీ అందరి కథే కదా! రిటైరైన మరుసటి ఏడాది, 2009 డిసెంబరులో, మా ఆవిడ మొక్కు తీర్చుకోవడానికి సోమనాథ్ వెళ్ళాం. దర్శనం అయ్యాక, "పక్కనే డయ్యూ ఉంది, ఒక రోజు తీరిగ్గా చూసొద్దాం" అన్నాను. నిజానికి ఆవిడ సోమనాథుడి కోసం వచ్చింది, నేను డయ్యూ కోసం వచ్చాను. ఆ మాట అప్పటికి పైకి అనలేదు.

జీపులో పొద్దున్నే బయలుదేరాం. గుజరాత్‌లో మద్యనిషేధం, డయ్యూలో లేదు. అక్కడికి చేరువవుతున్నకొద్దీ జీపులో కొందరి మొహాలు వెలిగిపోవడం చూశాను. ఇప్పుడు నవ్వుతున్నవాళ్ళు ఆ దారిన వెళ్ళొచ్చారన్నమాట.

డయ్యూ చిన్న ద్వీపం. రోజంతటికీ ఒక ఆటో మాట్లాడుకుంటే చాలు. ముందు కోటకు వెళ్ళాం. 1535లో గుజరాత్ సుల్తాన్ బహదూర్ షాతో ఒప్పందం చేసుకుని పోర్చుగీసువాళ్ళు కట్టడం మొదలుపెట్టిన కోట అది. గోడల మీద ఫిరంగులు ఇప్పటికీ సముద్రం వైపే చూస్తుంటాయి. 1961 డిసెంబరులో ఆపరేషన్ విజయ్‌లో మన ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ మూడూ కలిసి డయ్యూను విడిపించాయి. అందరికీ వాటా ఉంది కనక ఈ సభలో దానిమీద గొడవ రాదు.

తర్వాత ఫుదం దగ్గర గంగేశ్వర్. సముద్రపు ఒడ్డున రాళ్ళ మధ్య అయిదు శివలింగాలు. పోటు వచ్చినప్పుడు కెరటాలు వాటి మీదుగా పొర్లి వెళతాయి. "అభిషేకం సముద్రుడే చేస్తుంటే ఇంక మనం చేసేదేముంది?" అని మా ఆవిడ అక్కడే చాలాసేపు కూర్చుంది. నాగోవా బీచిలో ఇంకో వింత. అక్కడి తాటిచెట్లకు కొమ్మలుంటాయి! హోకా చెట్లంటారు. "తాటిచెట్టుకి కొమ్మలేమిటండీ, మా ఊళ్ళో చెబితే నవ్విపోతారు" అంది. కొబ్బరి బొండాలు తాగి, వేయించిన వేరుశనక్కాయలు తింటూ మధ్యాహ్నమంతా ఆ చెట్ల కింద గడిపాం. గడియారం చూసుకోని మధ్యాహ్నం నా సర్వీసులో ఒక్కటి కూడా లేదు.

సాయంత్రం ఆటో అతనికి చక్రతీర్థ్ వైపు పోనిమ్మన్నాను. అక్కడ గుట్ట మీద ఖుక్రీ స్మారకం ఉంది. అద్దాల గదిలో ఓడ నమూనా, ఎదురుగా సముద్రం. 1971 డిసెంబరు 9 రాత్రి, ఈ తీరానికి సుమారు 40 నాటికల్ మైళ్ళ దూరంలో, పాకిస్తాన్ సబ్‌మెరైన్ హంగోర్ టార్పీడో దెబ్బకు ఐఎన్ఎస్ ఖుక్రీ మునిగిపోయింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన లైఫ్ జాకెట్ ఇంకొకరికిచ్చి ఓడతోనే ఉండిపోయారు. నిమిషాల్లో మునిగిన ఓడ అది. కింద ఇంజన్ రూంలో ఉన్నవాడు డెక్ మీదికి రావాలంటే ఎన్ని నిచ్చెనలు ఎక్కాలో నాకు తెలుసు.

ఎందుకంటే నేనూ ఖుక్రీలో చేశాను. ఆ పేరుతోనే 1989లో కమిషనైన రెండో ఖుక్రీ, కార్వెట్. తొంభైలలో మూడేళ్ళు అందులో ఉన్నాను. ఆ పేరుతో అంతకుముందు ఒక ఓడ ఉండేదనీ, అది మునిగిందనీ ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి భయపెట్టడం దేనికని. ఆ రోజు అక్కడ నిలబెట్టి చెబుదామనుకున్నాను.

నేను గొంతు సవరించుకునేలోపే ఆవిడ అంది: "నాకు తెలుసండీ. మీరు ఆ ఓడకి పోస్టింగైన వారంలోనే పక్క క్వార్టర్స్ ఆవిడ చెప్పింది. మునిగిన ఓడ పేరు మళ్ళీ ఎందుకు పెట్టారని మా అమ్మ ఒకటే గోల. మీరు సెయిలింగ్‌కి వెళ్ళినన్నాళ్ళూ నేను బీచి మొహం చూడలేదు. పిల్లలు అడిగితే పరీక్షలని చెప్పేదాన్ని."

ఓడ పోయినా పేరు పోకూడదు, అది నేవీ ఆనవాయితీ అని చెప్పబోయాను. సగంలో ఆపేశాను. మూడేళ్ళు నేను దాచాననుకున్నాను, ఆవిడ నిజంగా దాచింది. ఆటో అతను హారన్ కొట్టేదాకా ఇద్దరం అలాగే ఆ నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయాం.

2021 డిసెంబరు 23న మా ఖుక్రీని విశాఖపట్నంలో డీకమిషన్ చేశారు. 2022 జనవరి 26న, మ్యూజియంగా ఉంచడానికి, డయ్యూ అధికారులకు అప్పగించారు. పేపర్లో ఆ వార్త చదివి వినిపించాను. వంటింట్లో చిక్కుళ్ళు తుంచుతూ వింది. "అయితే ఒడ్డున పడిందన్నమాట" అంది.

మోకాళ్ళు సహకరిస్తే మళ్ళీ డయ్యూ వెళ్ళాలని ఉంది. ఈసారి ఆ ఇంజన్ రూం నిచ్చెనలు ఆవిడకి చూపిస్తాను. సెలవు.