హాలోజనుల బలం, మన పాల క్యాను శుభ్రత

(పాల సంఘాల సభ్యుల, కార్యదర్శుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రసాయన శాస్త్రం బడిపిల్లల చదువు, పాడి రైతుకు దానితో పనేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. కాని సంఘం గదిలోని బ్లీచింగ్ పౌడరు, గేదె చన్నులకు వాడే అయోడిన్ మందు, వంటింటి ఉప్పు, ఈ మూడింటిలోనూ ఉన్నవి ఒకే కుటుంబపు మూలకాలు. ఆ కుటుంబాన్ని హాలోజనులు అంటారు. ఉప్పును పుట్టించేవి అని ఆ గ్రీకు మాటకు అర్థం.

వీటిలో ముఖ్యమైనవి నాలుగు. ఫ్లోరిన్, క్లోరిన్ వాయువులు. బ్రోమిన్ ఎర్రని గోధుమరంగు ద్రవం. అయోడిన్ నల్లని పలుకులుగా ఉండే ఘనపదార్థం. నాలుగింటి పరమాణువుల్లోనూ వెలుపలి కక్ష్యలో ఏడేసి ఎలక్ట్రాన్లుంటాయి. ఎనిమిదోది దొరికితే కక్ష్య నిండుతుంది. ఆ ఒక్క ఎలక్ట్రాను కోసమే ఇవి ఇతర పదార్థాల మీద పడతాయి. పరమాణువు చిన్నదైతే లాగే బలం ఎక్కువ, పెద్దదైతే తక్కువ. అందుచేత అందరికన్నా చురుకైనది ఫ్లోరిన్. తరువాత క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ వరుసగా నెమ్మదిస్తాయి. క్లోరిన్‌ను షీలే అనే శాస్త్రజ్ఞుడు 1774లోనే తయారుచేశాడు. ఫ్లోరిన్ మాత్రం 1886లో గాని మొయిసాన్ చేతికి చిక్కలేదు. అంత ఉగ్రమైనది అది.

ఇక మన పనికి వద్దాం. బ్లీచింగ్ పౌడరు నీటిలో క్రిములను చంపేది క్లోరిన్ బలమే. అయితే ఆ బలానికి విచక్షణ లేదు. క్యానులో పాల జిడ్డు మిగిలి ఉంటే క్లోరిన్ ముందుగా దాని మీదే ఖర్చయిపోతుంది. క్రిములు బ్రతికిపోతాయి. అలాంటి క్యాను ఒక్కటి చాలు, అందులో పోసిన పదిమంది సభ్యుల పాలూ పులిసిపోవడానికి. శ్రమపడి మేపినవారి కష్టం కాలువ పాలవుతుంది. కాబట్టి ముందు కడుగుడు, తరువాతే క్లోరిన్.

క్యాను ఖాళీ కాగానే చన్నీళ్ళతో తొలచాలి. తరువాత వేడినీటిలో క్యాను కడిగే పొడి కలిపి మెడ, మూత, అడుగు బ్రష్షుతో రుద్ది, మంచినీటితో కడగాలి. 30 శాతం క్లోరిన్ బలం గల పౌడరు 7 గ్రాములు 10 లీటర్ల చన్నీళ్ళలో కలిపితే పది లక్షల భాగాలకు సుమారు 200 భాగాల క్లోరిన్ వస్తుంది. మడ్డి దిగనిచ్చి, పైనున్న తేటనీరు క్యాను లోపలంతా తగిలేటట్లు రెండు మూడు నిమిషాలు ఉంచి, వంచేసి, బోర్లించాలి. ఎక్కువసేపు నిలవ ఉంచితే లోహం చెడుతుంది. పౌడరు సంచి మూతి కట్టి, తేమ, ఎండ తగలని చోట ఉంచాలి. మూత తీసి ఉంచిన పౌడరు బలం పోయి సున్నంతో సమానమవుతుంది. ఈ నీటిని పాలలో కలపడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కూడదు.

ఇంకొక ముఖ్యమైన హెచ్చరిక. గెర్బర్ పద్ధతిలో వెన్న పరీక్ష చేసే సంఘాల్లో గంధకామ్లం ఉంటుంది. మరుగుదొడ్లు కడిగే యాసిడ్ కూడా కొన్నిచోట్ల ఉంటుంది. యాసిడ్ బ్లీచింగ్ పౌడరుకు తగిలితే క్లోరిన్ వాయువు పైకి వస్తుంది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర సైనికుల మీదికి వదిలిన విషవాయువు ఇదే. ఇది గాలికన్నా రెండున్నర రెట్లు బరువు, నేలబారుగా పాకుతుంది. అందుచేత రెండింటినీ ఒక గదిలో ఉంచవద్దు, పరీక్షలో మిగిలిన ఆమ్లాన్ని క్యాన్లు కడిగే కాలువలో పోయవద్దు. ఘాటు వాసన వస్తే వెంటనే బయటపడి, గాలికి ఎదురుగా మెరకకు పోవాలి.

అయోడిన్ నెమ్మది గలది గనుక చర్మానికి పనికివస్తుంది. పాలు పితికాక చన్నులను 0.5 శాతం అయోడిన్ ద్రావణంలో ముంచితే పొదుగువాపు తగ్గుతుంది. చన్నురంధ్రం మూసుకునేదాకా, అరగంటసేపు, పశువుకు మేత వేసి నిలబెట్టాలి. మళ్ళీ పితికే ముందు చన్నులు తుడవాలి. పాలలో గంజి కలిపారేమో తేల్చేదీ అయోడినే. పాలు కాచి చల్లార్చి రెండు చుక్కలు వేస్తే, గంజి ఉన్నపాలు నీలంగా మారతాయి.

ఫ్లోరిన్ మాట వేరు. నల్లగొండ వంటి చోట్ల బావినీటిలో ఉన్నది ఫ్లోరైడు, అంటే ఎలక్ట్రాను దొరికి చల్లబడిన ఫ్లోరిన్. అది చల్లబడినా పశువుల పళ్ళను, ఎముకలను చెరుస్తుంది. నీరు కాచినా పోదు, పైగా చిక్కబడుతుంది. కాబట్టి పశువులు తాగే నీటిని కూడా పరీక్ష చేయించాలి.

బలమైన ఎద్దును కాడికి కట్టేవాడు దాని గుణం తెలుసుకొని కడతాడు. ఈ మూలకాల విషయమూ అంతే. రేపటి పూట నుంచే ప్రతి సంఘంలోనూ పౌడరు సంచి ఎక్కడ ఉన్నదో, యాసిడ్ సీసా ఎక్కడ ఉన్నదో చూసుకోవలసిందిగా సభ్యులందరికీ మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాము.