సైకిలు, పరుగు: శ్రమకు జమాఖర్చు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



నేను శాస్త్రజ్ఞుడను గాను. గ్రామపు లెక్కలు వ్రాసినవాడను. కావున నాకీయబడిన విషయమును జమాఖర్చు రీతినే విచారించెదను. సైకిలు త్రొక్కుట, పరుగెత్తుట అను రెండింటిలో దేనికి శ్రమ యెక్కువ? దేని వలన దేహశక్తి యెక్కువ ఖర్చగును?

ఇది ప్రొద్దుపోవుటకు చేయు తర్కము కాదు. మధుమేహము నేడు పల్లెలకు గూడ వచ్చినది. వైద్యుడు వ్యాయామము చేయుమనును. మోకాళ్లనొప్పి గలవాడు పరుగెత్తలేనని నిరాశపడును. సైకిలుపై అంగడి వఱకు పోయివచ్చినవాడు ఇది చాలునని తృప్తిపడును. ఇరువురి లెక్కయు తప్పే.

ముందు కొలమానమును చెప్పుకొందము. ఒక కిలో నీటి వేడిమిని ఒక సెంటీగ్రేడు డిగ్రీ పెంచుటకు వలయు శక్తిని ఆహారపు లెక్కలలో ఒక కేలరీ యందురు. పరుగెత్తువానికి దేహపు బరువులో ప్రతి కిలోకును, ప్రతి కిలోమీటరునకును సుమారు 1 కేలరీ ఖర్చగును. 60 కిలోల మనిషి 5 కిలోమీటర్లు పరుగెత్తినచో 300 కేలరీలు. మెల్లగా పరుగెత్తినను, వడిగా పరుగెత్తినను కిలోమీటరు ఖర్చు ఇంచుమించు ఒకటియే. వడిగా పోయినవాడు ఆ ఖర్చును త్వరగా పెట్టును, అంతియే.

ఆ మనిషియే చదునైన బాటపై మధ్యమవేగమున సైకిలు త్రొక్కినచో కిలోమీటరునకు 20 మొదలు 25 కేలరీలు మాత్రమే యగును. అనగా 5 కిలోమీటర్ల పరుగునకు సైకిలుపై 12 మొదలు 15 కిలోమీటర్లు పోవలెను.

ఇంత భేదమేల? పరుగెత్తువాడు అడుగడుగునకు తన దేహమును పైకెత్తి, క్రిందికి దిగునపుడు మరల దానిని మోయవలెను. పాదము నేలను తాకునపుడు దేహపు బరువునకు రెండు మూడు రెట్ల ఒత్తిడి కాలిపై పడును. సైకిలుపై ఆ బరువును సీటు మోయును. త్రొక్కుట మానినను బండి కొంతదూరము పోవును. పల్లములో శ్రమయే లేదు.

జర్మనీ దేశీయుడైన కార్ల్ డ్రైస్ 1817లో నడిపిన తొలి ద్విచక్రమునకు పెడళ్లు లేవు. దానిపై కూర్చుండి, కాళ్లతో నేలను తన్నుచు పోవలసియుండెను. జర్మను భాషలో దాని పేరునకు 'పరుగు యంత్రము' అని యర్థము. మనిషి శ్రమను పొదుపు చేయుటయే దాని జన్మధర్మము. ప్రయాణములో లాభమైన ఆ పొదుపే వ్యాయామములో నష్టమగుచున్నది.

అట్లని సైకిలును తక్కువ చేయరాదు. దూరమును విడిచి కాలమును లెక్కింపుడు. గంటకు 8 కిలోమీటర్ల పరుగునకు మన 60 కిలోల మనిషికి సుమారు 500 కేలరీలగును. గంటకు 16 మొదలు 19 కిలోమీటర్ల వేగమున సైకిలు త్రొక్కినచో సుమారు 400. వేగము 20, 22 కిలోమీటర్లకు పెరిగినచో రెండును ఇంచుమించు సమానములగును. ఏలయన, వేగము రెట్టింపైనచో గాలినెదిరించుటకు వలయు శక్తి ఎనిమిది రెట్లగును. ఎదురుగాలిలో త్రొక్కినవారికి ఇది చెప్పనక్కఱలేదు. మఱియొక సంగతి. అరగంట పరుగుతో అలసి కూర్చుండువాడు గంటసేపు సైకిలు త్రొక్కగలడు. మొదటిది 250, రెండవది 400. ఓర్పు గలచోట సైకిలే గెలిచినది.

పరుగు అదురు ఎముకలకు బలమిచ్చును. సైకిలు మోకాళ్లను కాపాడును. దేని గుణము దానికున్నది.

ఇక తిండి పద్దు చూడుడు. 5 కిలోమీటర్లు పరుగెత్తి ఖర్చుచేసిన 300 కేలరీలు, వండిన అన్నము పావుకిలో తినకముందే తిరిగి జమయగును. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలున్నవి. కావున ఒకనాటి శ్రమను చూచుకొని జిలేబీల కొట్టునకు పోవువాడు అప్పు తీర్చి మరల అప్పు చేయువాని వంటివాడు.

శ్రమ చాలినదో లేదో తెలియుటెట్లు? సుశ్రుతసంహిత వ్యాయామమును బలములో సగము వఱకే చేయవలెననియు, ఊపిరి నోటికి వచ్చుట దానికి గుర్తనియు చెప్పినది. నేటి వైద్యులును మాట తడబడకుండ వచ్చుచున్నదా, పాట పాడలేకున్నామా అని చూచుకొనుమనుచున్నారు. మాటాడగలిగి పాడలేకపోయినచో అది మధ్యమ శ్రమ. అట్టి శ్రమ వారమునకు 150 నిమిషములైన నుండవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ సలహా. రెండుమూడు మాటలకే ఊపిరాడనిచో అది తీవ్రశ్రమ. దానికి 75 నిమిషములు చాలును. అంగడి వఱకు నిమ్మళముగా త్రొక్కినవాని ఊపిరి మారలేదు గనుక అతని పద్దు ఇంకను తీరలేదు. మోకాళ్లనొప్పివాడు వైద్యుని అనుమతితో సైకిలుపై ఊపిరి వేగిరపడునట్లు త్రొక్కినచో, పరుగెత్తలేకపోతినని చింతింపనక్కఱలేదు.

కావున నా తీర్పిది. దూరముచేత కొలిచిన పరుగే అధికము. కాలముచేతను, ఊపిరిచేతను కొలిచిన రెండును సమానముగా చేసికొనవచ్చును. ప్రతిదినము విడువక చేయగలిగినదే మీకు మేలైనది. నెలకొకనాడు వేయు రూపాయలు దాచి తక్కిన దినములు దుబారా చేయువానికంటె, దినమునకు నూఱు రూపాయలు దాచువాడే ఏడాది చివర ధనికుడు.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము నిలిచినదన్నను దినదినము తలుపు తెఱచుటయే కారణము. దేహమునకును అదియే నియమము.