ఇంటిల్లిపాదికి రేడియో విద్య
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



గోదావరి లంకలలో పుట్టి పెరిగినవారికి కేక విలువ తెలియనిది కాదు. పడవ ఆవలి గట్టున కట్టియుండగా ఈవలి రేవున నిలిచినవాడు రెండు చేతులను నోటిచుట్టు దోనెవలె పట్టి పడవవానిని పిలుచును. గాలి అనుకూలించిన ఆ కేక నది దాటును. ఎదురుగాలి వీచిన నడియేటనే కలసిపోవును. అట్టి వేళ నడుమ ఇసుకతిన్నెపైని పుచ్చతోట కాపరి యెవడైన ఆ కేకను విని, అదే మాటను తాను గట్టిగా పలికి ఆవలి గట్టునకు అందించును. పిలిచినవాడొకడు, పలికినవాడొకడు, నడుమ నిలిచి అందించినవాడొకడు. నేటి ప్రసంగ విషయమంతయు ఈ ముగ్గురియందే ఇమిడి యున్నది. గట్టులమీది యిద్దరి చేతులలో నుండునది పంపుటకును వినుటకును పనికివచ్చు రేడియో. నడుమ నిలిచినది రిపీటరు.

రేడియో యనగానే పాటలు, వార్తలు వినిపించు పెట్టె యని తోచుట సహజము. ఆ పెట్టె వినిపించును గాని వినదు. వినుట, పలుకుట రెండును గల రేడియోతో, లాభాపేక్ష లేక, స్నేహము కొరకును విజ్ఞానము కొరకును సంభాషించువారిని అమెచ్యూర్ రేడియోవారనియు, వాడుకలో హామ్‌లనియు పిలుతురు. 1895లో జగదీశ చంద్ర బోసు కలకత్తాలో తీగలేని తరంగములతో గంట మ్రోగించి చూపెను. 1901లో మార్కోని ఆ తరంగములనే అట్లాంటికు సముద్రము దాటించెను. 1921 నాటికి కలకత్తాలో అమరేంద్ర చంద్ర గుప్తు, ముకుల్ బోసు అనువారు ఈ దేశపు తొలి హామ్‌లుగా ఆకాశమున పలుకరించిరి. హైదరాబాదున 1983లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ వెలసి, తెలుగునాట ఈ విద్యను నేర్పుటకు పూనుకొనెను. ఇది ఇంటిల్లిపాది విద్య యనుటకు ప్రసిద్ధమైన నిదర్శన మొకటి కలదు. ప్రధానిగా నుండిన రాజీవ్ గాంధీ 'వీయూ2ఆర్‌జీ' అను పిలుపు పేరుగల హామ్. ఆయన భార్య సోనియా గాంధీ 'వీయూ2ఎస్ఓఎన్' అను పిలుపు పేరుగల హామ్.

ప్రతి జేబునందును టెలిఫోను గల యీ కాలమున ఈ శ్రమ యేలయని అడుగువారు కలరు. ఆ ప్రశ్నకు సమాధానము పుస్తకములలో వెదుకనక్కరలేదు, గోదావరియే చెప్పును. 1986 ఆగస్టు 16వ తేదీన ధవళేశ్వరముకడ ప్రవాహము 35.06 లక్షల క్యూసెక్కుల కెక్కెను. అచట 17 లక్షలు దాటిననే మూడవ ప్రమాద హెచ్చరిక యెగురవేయుదురన్న సంగతి తలచినచో ఆనాటి ఉగ్రరూపము బోధపడగలదు. పదేండ్లకు, 1996 నవంబరు 6వ తేదీ రాత్రి, తుపాను కోనసీమపై విరుచుకుపడి వేయిమందికి పైగా ప్రాణములను, లెక్కలేనన్ని కొబ్బరిచెట్లను బలిగొనెను. అవి జేబు టెలిఫోనులు గ్రామములకు రాని రోజులు. వచ్చిన పిమ్మట నేమైనది? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు విద్యుత్తుతోపాటు సెల్ ఫోనులును మూగవోయెను. జేబులోని ఫోను ఒంటరిగా మాటలాడదు. దానికి దగ్గరలో స్తంభము, ఆ స్తంభమునకు విద్యుత్తు, భూమిలో తంతి, దూరమున యంత్రాగారము అన్నియు నిలిచి యుండవలెను. ఈ గొలుసులో ఒక లంకె తెగినను ఫోను అద్దపుముక్కతో సమానము. చేతి రేడియోకు చేతి రేడియోకు నడుమ అట్టి గొలుసు లేదు.

ఈ మాటకు సాక్ష్యము 2004లో అండమాను దీవులందు లభించినది. హైదరాబాదు జాతీయ సంస్థ పక్షమున భారతీ ప్రసాద్, పిలుపు పేరు 'వీయూ2ఆర్‌బీఐ', తన బృందముతో ఆ డిసెంబరులో పోర్టుబ్లెయిరు చేరిరి. పదునేడేండ్లుగా హామ్‌ల పలుకు వినబడని ఆ దీవులనుండి ప్రపంచమును పలుకరించుట వారి వేడుక. వెళ్లినది వినోదమునకే. డిసెంబరు 26 ఉదయము భూమి కంపించెను, సముద్రము పొంగెను, దీవులకు ప్రధాన భూభాగమునకు నడుమ వార్తామార్గములు తెగెను. ముచ్చటలకై నెలకొల్పిన ఆ రేడియో కేంద్రమే నాడు ఆర్తుల క్షేమ సమాచారములను బంధువులకు చేర్చు వారధి యాయెను. వారు ఆ ఉదయమున రేడియో నేర్చుకొనలేదు. ఏండ్ల తరబడి వేడుకగా చేసినపని ఆ గడియన విధిగా మారినది. నేటి ప్రసంగమున చెప్పవలసిన ముఖ్యమైన మాట ఇదియే: ఆపదనాడు పనికివచ్చునది అల్మరాలో దాచిన యంత్రము కాదు, అంతకుముందు ప్రతి వారమును చేసిన అలవాటు.

ఇక ప్రారంభ మెట్లు? మొదటి మెట్టు వినుట. ఇంట చిన్నతరంగముల రేడియో యొకటి యున్నచో, రాత్రివేళ దూరదేశపు కేంద్రములను పట్టుచు, విన్న సమయము, కేంద్రము, ధ్వని తెరగు ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. పగలు వినబడని కేంద్రము రాత్రి ఏల వినబడునో పిల్లలు అడుగుదురు. భూమికి ఎంతో ఎత్తున ఐనోస్ఫియరను పొర యున్నదనియు, చిన్నతరంగములు దానిని తాకి అద్దముపై వెలుగువలె మరలి వచ్చుననియు, సూర్యుని యెండనుబట్టి ఆ పొర మారుచుండుననియు చెప్పుటకు అంతకన్న మంచి సమయ మేది?

రెండవ మెట్టు చదువు. ఈ విద్యకు కేంద్రప్రభుత్వపు అనుమతి, అనగా లైసెన్సు, తప్పనిసరి. పండ్రెండేండ్లు నిండినవారు పరీక్షకు కూర్చుండవచ్చును. పరీక్షయందు రెండు భాగములు: రేడియో శాస్త్రము, రేడియో నిబంధనలు. ప్రథమ శ్రేణికి మోర్సు సంకేతముల పరీక్ష లేదు; పై శ్రేణివారు నిమిషమునకు ఎనిమిది మాటల వేగమున ఆ చుక్కలను గీతలను పంపుటయు, విని వ్రాయుటయు రావలెను. తండ్రి, కుమార్తె ఒకే పుస్తకము ముందు పెట్టుకొని చదివినచో నిబంధనలు తండ్రికిని, లెక్కలు కుమార్తెకును ముందుగా పట్టుబడుట తరచు జరుగు ముచ్చట. ఒకరి కొరత ఒకరు తీర్చుకొందురు. ఉత్తీర్ణులైనవారికి ఒక పిలుపు పేరు లభించును. మన దేశపు పేర్లు 'వీయూ'తో ఆరంభమగును. ప్రపంచమున ఆ పేరు మరియొకరికి ఉండదు. ఇంట నలుగురు పలుకవలెనన్న నలుగురికిని లైసెన్సు లుండవలెను. ఒకరి అనుమతి కుటుంబమంతటికి చెల్లదు. నియమములు అప్పుడప్పుడు మారుచుండును గనుక దరఖాస్తునాటి నిబంధనలను చూచుకొనుట వివేకము.

చౌకగా దొరకునని ఆన్‌లైను అంగడిలో వాకీటాకీ కొని ముందు మాటలాడి, లైసెన్సు సంగతి పిమ్మట చూతమనువారు కలరు. అది చిక్కు తెచ్చుపని. ఇట్టి అక్రమ విక్రయములను అరికట్టుటకు 2025లో కేంద్ర వినియోగదారుల సంరక్షణ అధికార సంస్థ మార్గదర్శకములు వెలువరించినది. పరీక్షకు ఇంకను సిద్ధపడని యింటివారికి 2018లో ప్రభుత్వము ఒక చిన్న వాకిలి తెరచినది. 446.0 నుండి 446.2 మెగాహెర్ట్జుల నడుమ పనిచేయు, ఆమోదము పొందిన చిన్న రేడియోలకు లైసెన్సు అక్కరలేదు. అవి పొలమునకు ఇంటికి నడుమ పలుకరించుకొను దగ్గరి దూరములకే ఉద్దేశింపబడినవి. పిల్లలకు రేడియో మర్యాద నేర్పుటకు మాత్రము చాలును.

లైసెన్సు చేతికి వచ్చిన పిమ్మట మొదట కొనదగినది చేతి రేడియో. 144 నుండి 146, 434 నుండి 438 మెగాహెర్ట్జుల వరకు గల భాగములు హామ్‌లకు కేటాయింపబడినవి. ఈ తరంగములు చిన్నతరంగములవలె సాధారణముగా ఆకాశమునుండి మరలి రావు. చూపువలె ఇంచుమించు తిన్నగా పోవును. భూమి గుండ్రము. కావున నేలపై నిలిచిన ఇద్దరి నడుమ లెక్క ప్రకారము పది కిలోమీటర్లకు మించి అవి పోజాలవు. తడిసిన కొబ్బరాకులు, మిద్దెలు అడ్డుపడిన రెండు మూడు కిలోమీటర్లకే చిక్కిపోవచ్చును. అదే ముప్పది మీటర్ల స్తంభముపై రిపీటరు నిలిపినచో దానినుండి ఇరువదియైదు కిలోమీటర్ల దూరమువరకు చేతి రేడియోను అందుకొను వీలు కలదు. అనగా దానికి ఇరువైపుల నున్న ఇద్దరు ఏబది కిలోమీటర్ల ఎడమున నున్నను మాటలాడుకొనవచ్చును. బలము పెంచుటకన్న ఎత్తు పెంచుట మేలు.

రిపీటరు పనిచేయు తీరు లొల్ల లాకులు చూచినవారికి సులభముగా బోధపడును. పడవ ఒక మట్టమున లాకులో ప్రవేశించి మరియొక మట్టమున వెలువడును. పడవ అదియే, సరకు అదియే, నీటిమట్టము మాత్రము వేరు. మాటయు నట్లే ఒక ఫ్రీక్వెన్సీపై రిపీటరును చేరి, అదే క్షణమున మరియొక ఫ్రీక్వెన్సీపై వెలువడును. రెండును ఒకటే యైనచో రిపీటరు తన మాటను తానే వినుచు చెవిటిదగును. 144 మెగాహెర్ట్జుల భాగమున ఈ ఎడము సాధారణముగా 600 కిలోహెర్ట్జులు. 145.6పై వినబడు రిపీటరును చేరుటకు 145.0పై పలుకవలెనన్న మాట. కొన్ని రిపీటర్లకు చెవికి ఆనని సన్నని స్వరమొకటి తాళపుచెవి. దానిని రేడియోలో అమర్చినగాని తలుపు తెరువబడదు. నేల విడిచిన లాకు కూడ ఒకటి యుండెను. 2005 మే 5న శ్రీహరికోటనుండి ఇస్రో ప్రయోగించిన హామ్‌శాట్ ఉపగ్రహము, క్రిందినుండి వచ్చిన పలుకులను ఆకాశమున అందుకొని వేరొక ఫ్రీక్వెన్సీపై భూమికి మరలించుచు 2014 వరకు హామ్‌లకు సేవచేసెను.

లాకుకడ మర్యాద యున్నట్లు రిపీటరుకడను మర్యాద కలదు. ముందు విని, ఎవరును మాటలాడుట లేదని నిశ్చయించుకొని, మీట నొక్కి ఒక్క క్షణ మాగి పలుకవలెను. లేనిచో మొదటి మాట తెగును. పిలుపు పేరు చెప్పవలెను. ఒకరు ముగించిన వెంటనే రెండవవారు అందుకొనరాదు. నడుమ కొంచెము విరామ మీయవలెను. ఆపదలోనున్నవా డెవడైన ఆ సందులోనే తన పిలుపు వినిపించును. వ్యాపారమునకు ఇది చోటు కాదు. పూతరేకుల పొట్లములు ఏ ఊరికి ఎన్ని పంపవలెనో చెప్పుటకు టెలిఫోను ఉండనే ఉన్నది.

అయితే రిపీటరు దొరకినదని నిశ్చింతగా నుండుట పొరపాటు. తుపానులో దాని స్తంభమును కూలవచ్చును, దాని బ్యాటరీయు అడుగంటవచ్చును. పుచ్చతోట కాపరి లేనినాడు గట్టున నిలిచినవాడు తన గొంతునే నమ్ముకొనవలెను గదా! కావున వారమునకొకసారి రిపీటరు లేకుండ నేరుగా పలుకరించుకొనుట అభ్యసించవలెను. ఏ మిద్దెపైనుండి ఏ రేవునకు మాట అందును, ఏ తోట అడ్డుపడును అన్న సంగతి కాగితముపై గుర్తించుకొనవలెను. చేతి రేడియోకు బదులు ఇంటిపై యాంటెన్నా కట్టిన దూరము పెరుగును. సుమారు ఏబది సెంటీమీటర్ల నిలువు కడ్డీ యొకటి, దాని అడుగున ఏటవాలుగా అంతే పొడవుగల నాలుగు కడ్డీలు, ఒక కేబులు, ఒక వెదురుగడ. 144 మెగాహెర్ట్జుల భాగమునకు ఇంతే చాలును. విద్యుత్ తీగలకు దూరముగా నిలుపుట, ఉరుము వినబడగానే కేబులు ఊడదీయుట మరువరాదు. 12 వోల్టుల బ్యాటరీ, దానిని నింపుటకు చిన్న సౌరఫలక ముండిన కరెంటు పోయినను కంఠము పోదు.

పూతరేకు తీయుట చదివి నేర్చినవారు ఆత్రేయపురమున లేరు. బోర్లించిన కుండ ఎంత వేడెక్కెనో, పిండిలో ముంచిన గుడ్డను ఎంత చప్పున లాగవలెనో చేతికి తెలియవలెను. ఆ చేతివాటము అమ్మమ్మనుండి మనుమరాలికి ఇంటనే వచ్చినది. రేడియో విద్యయు అట్టిదే. ఆదివారము సాయంకాలము ఒక గంట ఇంటివారు కూర్చుండి, లైసెన్సుగలవారు పలుకగా, ఒకరు విన్నమాట వ్రాయుట, ఒకరు గడియారము చూచుట, ఒకరు బ్యాటరీ కొలుచుట అభ్యసించిన, అందరికిని ఒక పని దొరకును. 'రెండు పడవలు కావలెను' అన్నది 'రెండు పడకలు' అని వినబడిన నష్ట మెంత! అందుకే విన్నమాటను తిరిగి చెప్పి సరిచూచుకొను నియమము పుట్టినది. ఈ నియమము సంసారములందును అక్కరకు వచ్చుననుట అనుభవజ్ఞులు ఎరిగినదే.

గ్రంథాలయమునకు ఈ విద్యతో గల చుట్టరికము స్పష్టము. పరీక్షకు కావలసిన పుస్తకములు నాలుగు ఇచట చేర్చినచో పదిండ్లవారు చదువుకొందురు. పదిమంది లైసెన్సులు పొందిరేని ఒక సంఘ మేర్పడును. సంఘమున్నచోట రిపీటరు నిలుపుటకు అధికారుల అనుమతి కోరవచ్చును. ఒక్కడు రేడియో కొన్న అది వస్తువు. ఊరిలో పదిండ్లు నేర్చిన అది రక్షణ. ఇరువదియైదేండ్లుగా దూరదేశపు మాటలను అక్షరరూపమున ఈ ఊరికి అందించిన గ్రంథాలయము, గోదావరి పొంగిన రాత్రి ఈ ఊరి మాటను ఆవలి గట్టునకు అందించువారిని కూడ తయారుచేయుగాక! వరద వచ్చిన పిమ్మట గట్టు పోయుట కుదరదు. నది శాంతముగా నున్ననాడే ఆ పని చేయవలెను.

స్వస్తి.